రాజనర్సు కాళ్లు, రెండు ఇరుసులు

రాజనర్సుకు చేతులకన్నా కాళ్లకు తొందరెక్కువ. సూరత్‌లో ఏళ్ల తరబడి మరమగ్గాలు నడిపినవాడికి అది తప్పదు. ఒక్కడే పన్నెండు మగ్గాల మధ్య తిరగాలి. ఆ హోరులో ఒక్క మగ్గం చప్పుడు ఆగిందంటే ఎక్కడో పోగు తెగినట్టే. సంగతి బుర్రకు ఎక్కేలోపే కాళ్లు అక్కడికి చేరేవి. ఇంట్లో ఫ్యాను ఆగినా లేచి నిలబడేవాడు. భార్య వెంకటవ్వ నవ్వుకునేది.

కరోనా వచ్చి మగ్గాలు మూతపడ్డాయి. రెండో విడత జబ్బు తగ్గాక కూడా గోడాదరాలో ఆయన పనిచేసే షెడ్డు తెరుచుకోలేదు. చివరికి సూరత్ పక్కనే ఉన్న సచిన్‌లో, బుల్లి బ్యాటరీ కార్లకు వెనక ఇరుసులు చేసే కార్ఖానాలో చేరాడు. ఆ రోజు నుంచి వెంకటవ్వ, కూరగాయల బండివాడితో సహా అందరికీ, తన మొగుడు కార్లు తయారుచేస్తున్నాడని చెప్పింది. చేసేది వెనక ఇరుసు మాత్రమేనని ఆయన నసిగితే, అంత లోతుగా ఎవరడుగుతారని కొట్టిపారేసింది.

అయితే కార్ఖానా యజమాని శేఠ్‌కు ఒక తికమక. ఇరుసును రెండు రకాలుగా చెయ్యొచ్చు. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే కడ్డీగా ఉండేది ఒంటి ఇరుసు. దానికి ఇనుము బోలెడు పడుతుంది, పని తక్కువ. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగేట్టు రెండు ముక్కలుగా చేసేది జంట ఇరుసు. దానికి ఇనుము తక్కువ, పని ఎక్కువ. ఏది చవకో తేలాలంటే ఏది తొందరగా తయారవుతుందో చూడాలి. అందుకని ఒంటి ఇరుసును రాజనర్సుకు, జంట ఇరుసును తోటి పనివాడు సోమలింగానికి అప్పగించి ఒక రోజంతా పోటీ పెట్టాడు. నెగ్గిన ఇరుసు ఉంటుంది, దాన్ని చేసినవాడు ఉంటాడు. రెండోవాడు ఇంటికి. రాజనర్సుకు పని పోవడం ఒక ఎత్తు, కూరగాయల బండివాడికి మొహం చూపించడం ఇంకో ఎత్తు.

సోమలింగం నోట్లో ఎప్పుడూ తంబాకు ఉంటుంది. కరోనా వచ్చాక లోపల ఉమ్మితే శేఠ్ ఊరుకోడు. కాబట్టి మాటిమాటికీ మిషన్ ఆపి, మాస్కు దించుకుంటూ గేటు బయటికి నడిచేవాడు. అది చూసి రాజనర్సు లోలోపల సంబరపడ్డాడు. కానీ అక్కడ చప్పుడు ఆగింది కదా! తేరుకునేసరికి తను సోమలింగం మిషన్ దగ్గరున్నాడు, ముక్క బిగించి నడిపిస్తూ. తన్ను తాను తిట్టుకుని వెనక్కి ఉరికాడు. మళ్లీ ఉమ్మి, మళ్లీ ఉరుకు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక ఉపాయం చేశాడు. తువ్వాలతో ఎడమ కాలిని బల్లకు కట్టేసుకున్నాడు. కాసేపటికి అటు చప్పుడు ఆగింది. కాలు కదల్లేదని మురిసిపోయాడు. ఈలోగా వేళ్లు, ఇన్నేళ్లూ చూడకుండానే పోగులు ముడివేసిన వేళ్లు, ఎవరినీ అడక్కుండా ఆ ముడి విప్పేశాయి.

సాయంత్రానికి జంట ఇరుసులే ముందున్నాయి. రాజనర్సుకు ఏడుపొచ్చింది. తన నోట్లో తనే మట్టి కొట్టుకున్నాడు. లెక్కలు చూసే సింధూజ, అడాజన్ నుంచి స్కూటీ మీద వచ్చే తెలుగు పిల్ల, ఆయన దగ్గరికొచ్చింది.

"కాకా, ఆయన మిషన్ గూడ మీరే నడిపిండ్రు గదా?"

"నేన్ నడుపలే బిడ్డా. కాళ్లు వోయినయి."

ఆమె నవ్వాపుకుని శేఠ్‌కు గుజరాతీలో ఏదో చెప్పింది. శేఠ్ తేల్చేశాడు. జంట ఇరుసే చేద్దాం, రెండు ముక్కలకు రెండు మిషన్లు, నడిపేది రాజనర్సు ఒక్కడే. ఇనుమూ ఆదా, కూలీ ఆదా. సోమలింగాన్ని కూడా పంపలేదు. వచ్చేవాళ్లకు జ్వరం చూసే పనికి గేటు దగ్గర నిలబెట్టారు. ఉమ్మడానికి దగ్గరని అతనూ సంతోషించాడు.

ఇంటికొచ్చేసరికి వెంకటవ్వ మిక్సీలో పల్లీల చట్నీ పడుతోంది. రాజనర్సు కంచం ముందు కూర్చుని, పని పక్కా అయిందని, తనొక్కడికే రెండు మిషన్లు ఇచ్చారని గొప్పగా చెప్పాడు. సరిగా వినపడక ఆమె మిక్సీ ఆపింది. పన్నెండు నడిపినవాడికి రెండేనా అని అడగబోయి చూస్తే కంచం ముందు మొగుడు లేడు. పక్కనే, మిక్సీ మీట మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

"జర కూసో," అంది వెంకటవ్వ. "గిది నేనే బంద్ జేసిన."