ఆల్మూత్ పెద్దమ్మను సమాధి చెయ్యడం

కొత్త పాస్టరు ఎవరొచ్చినా ఊరంతా కాఫీ, కేకు పెడతారు. ఆల్మూత్ పెద్దమ్మ మాత్రం ముందు తనను సమాధి చేసి చూపించమంటుంది. సోఫా మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీద చేతులు పెట్టుకుని, "ఊఁ, నేను పోయాను. ఇక కానివ్వు నాయనా!" అంటుంది.

నాటాల్ చెరకు తోటల మధ్య, ఎప్పుడో జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు పెట్టుకున్న ఆ లూథరన్ సంఘానికి ఇంగ్లీషూ జర్మనూ వచ్చిన సహాయ పాస్టరు కావాలి. పిల్లలకు ఇంగ్లీషు చాలు. ముసలివాళ్ళకు మాత్రం ఆఖరి గడియల్లో జర్మన్ తప్ప ఏదీ తలకెక్కదు. పైగా ఆ చలికాలం చావు ఇల్లిల్లూ తిరుగుతోంది. సమాధుల దగ్గర ఊదే చర్చి బాకాల వాళ్ళకు ఊపిరి తీసుకునే తీరికైనా లేదు. జర్మన్ వచ్చినవాడు దొరక్కపోతే ఇంగ్లీషు పాస్టరుతోనే సర్దుకోమని పైవాళ్ళు చెప్పేశారు.

సంఘ పెద్ద ఎగర్ట్ వెతికి తెచ్చిన ప్రతివాణ్నీ పెద్దమ్మ తరిమేసింది.

"మొన్నటాయన బాగానే చదివాడు కదా పెద్దమ్మా?"

"చదివాడు, బస్సు తప్పిపోతుందన్నట్టు! ఇంకాస్తయితే ఊపిరి ఉండగానే మట్టి వేసేవాడు."

"అంతకు ముందాయన?"

"గుమ్మం దాటి రాలేదు. చావు అంటుకుంటుందనుకున్నాడేమో."

ఈసారి వచ్చింది న్టూలీ, జర్మనీలో చదివొచ్చిన జులూ యువకుడు. ఇతనూ పారిపోతే ఇక ఎవరూ లేరు. ఎగర్ట్ దారిపొడుగునా బతిమాలాడు. "ఆవిడ చచ్చిపోతుందండీ. దయచేసి నవ్వకండి."

పెద్దమ్మ చచ్చిపోయింది. న్టూలీ పుస్తకం తెరవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని, జర్మన్‌లో మెల్లగా అడిగాడు. "కన్ఫర్మేషన్ నాడు మీకిచ్చిన వాక్యం ఏదమ్మా?"

చిన్నప్పుడు సంఘంలో చేర్చుకునే రోజున అందుకున్న ఆ బైబిలు వాక్యాన్నే సమాధి దగ్గర చదవడం వాళ్ళ ఆనవాయితీ. ఇన్నాళ్ళూ వచ్చిన పాస్టర్లెవరూ దాని గురించి అడగలేదు.

పెద్దమ్మ చటుక్కున లేచింది. "నా సంగతి తర్వాత. పక్కింటికి పదండి!"

పక్కింట్లో హిన్రిక్ ముసలాయన మంచాన పడి ఉన్నాడు. కంచె గురించి పెద్దమ్మతో ఏళ్ళ తరబడి పోట్లాడిన మనిషి. జబ్బు అతని ఇంగ్లీషును తుడిచేసింది. నర్సు నోరు తెరిస్తే చాలు, బెదిరిపోయి గోడవైపు తిరిగి మూలుగుతున్నాడు. ఆట్టే రోజులు లేవని డాక్టరు చెప్పాడు.

"వీడు భయంతో పోకూడదు," అంది పెద్దమ్మ. అప్పుడు తెలిసింది ఎగర్ట్‌కు, ఆ సోఫా మీద పరీక్ష ఎవరి కోసమో.

న్టూలీ మంచం అంచున కూర్చుని అదే ప్రశ్న వేశాడు. మూలుగు ఆగింది. ముసలాయన ఇటు తిరిగి, పిల్లాడిలా తన వాక్యాన్ని చివరిదాకా అప్పగించాడు. తర్వాత గుమ్మంవైపు చూశాడు.

"ఆ మాయదారి ముసలిదాన్ని ఎవరు రానిచ్చారు?"

"విన్నావా ఎగర్ట్!" పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "నన్ను గుర్తుపట్టాడు!" అంటూ కోటు విప్పి కొక్కేనికి తగిలించి, అతనికి సూప్ కాచడానికి వంటింట్లోకి నడిచింది.