బుట్టలో ఏముందో నేను చూశాను

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే మాటలు. "నేను చూడలేదు." ఆ రెండు మాటలతో ఒక ముసలాయన్ని చెరువుకీ, కూతురికీ, ఊరికీ కాకుండా చేశాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పలేకే మీకు చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా ఆగితే ఏడుస్తున్నాననుకోకండి. తప్పించుకునే దారి ఇంకా వెతుక్కుంటున్నానని అనుకోండి.

మాది పాతపట్నం అవతల, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. ఊరి పక్కన పెద్ద చెరువు ఉంది. సగం మా వైపు, సగం వాళ్ల వైపు. రెండు ఒడ్ల జాలర్లూ అందులోనే వేటాడతారు. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఎండాకాలంలో, అవతల కొన్ని చెరువుల్లో చేపలకు పుండ్ల జబ్బు తగిలిందని తెలిసింది. ముందు తోక దగ్గర ఎర్రమచ్చ పడుతుంది. అది పుండవుతుంది. ఆ పుండు ఎముక దాకా తినేస్తుంది. రెండు ఒడ్ల జాలర్ల సొసైటీల వాళ్లూ కూర్చుని, జబ్బు తగ్గేదాకా, చేపల శాఖ పరీక్ష కాగితం లేకుండా బతికున్న చేప గానీ చేపపిల్ల గానీ సరిహద్దు దాటకూడదని కట్టుబాటు చేసుకున్నారు. రేవు పక్కన రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి, రేకుల షెడ్డు వేశారు. పగటి కాపలా నాకు అప్పగించారు. ఇంటర్ చదివాను, ఒడియా వచ్చు, అందుకని. చేపల శాఖ వాళ్లు రెండు రోజులు నేర్పారు. చేపపిల్లని దోసిట్లోకి తీసుకుని తోక మొదలు చూడాలి, తల వాల్చి ఈదుతోందేమో చూడాలి. బాగా నేర్చుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు అందుకే నాకు లేదు.

జూలైలో ఒక మిట్టమధ్యాహ్నం అవతలినుంచి మా అన్నయ్య బండి వచ్చి ఆగింది. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అన్నయ్యే. చెరువుకి ఎగువన అన్నయ్యకి రెండు చేపల గుంటలున్నాయి. గట్టి వాన పడితే వాటి నీళ్లు పొర్లి చెరువులోకే వస్తాయి. బండిలో టార్పాలిన్ కింద గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ సంచులు. వాటి నిండా చేపపిల్లలు.

"ఏటే సెల్లీ, నన్నే ఆపేస్తన్నావేటి?" అన్నాడు నవ్వుతూ.

"పరీక్ష కాగితం ఉన్నాదా అన్నయ్యా?"

"కాగితానికి వారం పడతాది. ఈలోపు అదను దాటిపోతాది. ఎండకి పిల్లలు సచ్చిపోతన్నాయి, సూడు. ఈ ఒక్కపాలికి వగ్గీ."

ఒక సంచి విప్పి దోసిట్లోకి తీసుకున్నాను. మూడు పిల్లలకు తోక మొదట్లో ఆవగింజంత ఎర్రచుక్క. ఒకటి తల వాల్చేసింది. ఎండ వల్ల అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అలా అనుకుంటే బాగుంటుందని అనుకున్నానా? వాటిని మళ్లీ సంచిలో వదిలి, వెదురు పైకెత్తాను. వచ్చీపోయే బండ్లు రాసే పుస్తకంలో ఆ బండి సంగతి రాయలేదు.

వానలు పడ్డాయి. అన్నయ్య గుంటలు పొర్లాయి. నేను రోజూ పొద్దున్నే రేవులోకి దిగి నీళ్లు చూసేదాన్ని. ఆగస్టు పోయింది. ఏమీ కాలేదు. సెప్టెంబరు, అక్టోబరు పోయాయి. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఆ తేటదనమే నాకు ఎక్కువ భయం వేసేది. చలి మొదలయ్యాక, మా చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకోవడం మొదలుపెట్టిన వారంలో, రేవు దగ్గర కొంగలు ఊరికే నిలబడి కనిపించాయి. ఒక్కటీ నీళ్లలో ముక్కు పెట్టడం లేదు. రెండు రోజులకి కొరమీనులు పైకి తేలాయి. చావలేదు. బతికే ఉన్నాయి. ఒళ్లంతా పుండ్లతో, ఒడ్డున బురదకి తలలు ఆనించి, పట్టుకున్నా కదలకుండా పడి ఉన్నాయి. ఆ తర్వాత బొచ్చె చేపలు. వారం తిరిగేసరికి చెరువు వాసన మా ఇంటి తలుపులు దాటి అన్నంలోకి వచ్చింది. పిల్లల్ని నీళ్ల దగ్గరికి పోనివ్వడం మానేశారు. జబ్బు చావాలని చెరువులో సున్నం బస్తాలు కుమ్మరించారు. తెల్లటి నీళ్ల మీద ఎర్రటి పుండ్లు ఇంకా బాగా కనిపించాయి.

చేపల శాఖ ఆఫీసరు వచ్చారు. గట్టు మీద రెండు ఒడ్ల వాళ్లనూ కూర్చోబెట్టి, అవతలినుంచి ఎవరేం తెచ్చారో చెప్పమన్నారు. మా అన్నయ్య వెనక వరసలో ఉన్నాడు. నా వైపు చూడలేదు. అంతలో ఎవరో అన్నారు, సూరయ్య వారం వారం బుట్టతో అటు పోయి వస్తుంటాడు కదా అని.

సూరయ్య తాత మా ఒడ్డున అందరికన్నా పెద్ద జాలరి. కూతుర్ని అవతలి ఒడ్డున ఇచ్చాడు. తన చిన్న పడవ వేసుకుని ఆ పిల్లని చూడడానికి పోయేవాడు. వానాకాలంలో ఒకసారి బుట్టతో రేవులో దిగాడు. నేను అడగకుండానే మూత తీసి చూపించాడు. చింతపండు. ఒక ముద్ద నాకూ పెట్టాడు. ఆ వారమంతా మా ఇంట్లో చారు దానితోనే.

ఆఫీసరు నా వైపు తిరిగారు. "అతని బుట్టలో ఏముందో చూశావా అమ్మా?"

"నేను చూడలేదు సార్."

సూరయ్య తాతకి కోపం రాలేదు. మరిచిపోయినదాన్ని గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. "అదేటే అమ్మా, మూత తీసి సూపించినాను కదా. సింతపండే కదా. నీకూ ఇచ్చినాను కదేటి."

"గుర్తులేదు తాతా."

"గుర్తు తెచ్చుకో అమ్మా. నెమ్మదిగానే సెప్పు."

ఆయన ఆగాడు. అందరూ ఆగారు. నేను ఒక్క మాట చెబితే చాలు. నేను నేల చూశాను.

అన్నయ్యని కాపాడడానికే అలా చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. బుట్టలో చింతపండే అంటే, మరైతే జబ్బు ఎలా వచ్చిందని అడుగుతారు. అప్పుడు వెదురు ఎత్తిన చెయ్యి ఎవరిదో బయటపడుతుంది. నేను కాపాడుకున్నది నన్ను.

సూరయ్య తాతని సొసైటీ నుంచి తీసేశారు. పడవని గట్టు మీదకి లాగి బోర్లించారు. అవతలి ఒడ్డు వాళ్లు అతన్ని తమ ఊళ్లో అడుగు పెట్టనివ్వబోమన్నారు. కూతురు కూడా పుట్టింటి వాళ్లతో మాట్లాడకూడదన్నారు. రెండేళ్లు చెరువులో వేట లేదు. చాలామంది మగవాళ్లు చెన్నైకి కట్టడం పనులకు పోయారు. పోతూ పోతూ తిట్టింది సూరయ్య పేరే. అప్పటికే ఆయన భార్యని తీసుకుని ఎటో వెళ్లిపోయాడు.

రెండేళ్ల తర్వాత ఆమదాలవలస స్టేషన్ బయట కనిపించాడు. గోనెపట్టా మీద పళ్లు తోముకునే వేపపుల్లలు అమ్మకానికి పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. తిడతాడేమోనని నిలబడ్డాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"సెరువు బాగుపడినాదా అమ్మా? కొరమీను మళ్లీ వస్తన్నాదా?" అని అడిగాడు.

"వస్తన్నాది తాతా," అన్నాను.

ఆయన తలూపాడు. మొహంలో సంతోషమే. అప్పుడైనా చెప్పవలసింది. బండి వచ్చిందని అనౌన్స్ చేశారు. ఎక్కేశాను. మరుసటి వానాకాలంలో ఆయన పోయాడని విన్నాను. కూతురు కడచూపుకి వచ్చిందో లేదో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. అడిగే మొహం లేదు.

మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. తీసుకునేముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలంటారు పాస్టరుగారు. రొట్టె పళ్లెం నా దగ్గరికి వస్తుంది. తీసుకోకుండా పక్కవాళ్లకి అందిస్తాను. మొదట్లో ఒంట్లో బాగాలేదనుకున్నారు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. అన్నయ్యా, నేనూ పండగలకి కలుస్తాం, అన్నీ మాట్లాడుకుంటాం, ఆ ఏడాది గురించి తప్ప.

ఇదంతా ఇంకో నకలు రాసి పక్కన పెట్టాను. రేపు పొద్దున్న అవతలి ఒడ్డుకి వెళ్లి సూరయ్య తాత కూతురి చేతికిస్తాను. అందులో అన్నయ్య పేరు ఉంది, నా పేరు ఉంది. ఆమె చదివి ఏమంటుందో తెలియదు. చదవకుండా చించేయవచ్చు. ఊరంతటికీ వినిపించవచ్చు. అన్నయ్య ఇక నా గడప తొక్కకపోవచ్చు. క్షమించమని ఆమెని అడగను, మిమ్మల్నీ అడగను. అడగవలసిన మనిషిని స్టేషన్ బయట వదిలేసి బండెక్కాను కదా.

చెప్పడం అయిపోయింది. ఇన్నేళ్లూ ఈ నిజం మొత్తం నా ఒక్కదాని దగ్గరే ఉండేది. ఇప్పుడు మీ దగ్గరా ఉంది.