చిన్నాయన అడిగిన వాన

మబ్బు పట్టినప్పుడల్లా మా చిన్నాయనే గుర్తొస్తాడు. ఆయన సిపాయి. యుద్ధం జరుగుతున్నా ఆయన ఉత్తరాల్లో మాత్రం యుద్ధం ఉండేది కాదు. "ఈడ తుపాకీ చప్పుడే లేదు. కొండల నిండా మంచు ఊరికే పడి ఉండాది. ట్యాంకరుంటే మనూరికి తోలుదును. వాన పడిందా?" ప్రతిసారీ ఇదే.

చేను బీటలు వారినా, కొడుకు దిగులు పడతాడని అవ్వ నా చేత "బాగా పడింది, శెనక్కాయ ఏపుగా ఉండాది" అని రాయించేది.

ఒకసారి సెలవు మీద, తూటా తగిలిన చేతికి కట్టుతో రాయదుర్గం బస్సు దిగాడు. అవ్వ ఏడుస్తూ ఎదురెళితే, ఆయన ఆమె భుజం మీదుగా ఎండిన చేనును చూసి మండిపడ్డాడు.

"ఏమ్మా, వాన యాడ పడింది?"

అవ్వ కట్టు తడిమి చూసి కళ్లు తుడుచుకుంది.

"తుపాకీ చప్పుడే లేదని రాస్తివే, ఆ పొద్దే పడిందిలే నాయనా!"