దసరా తర్వాత మూగబోయిన ఫోను

1986 వేసవిలో నన్ను జూనియర్ ఇంజినీరుగా జహీరాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వేశారు. పట్టణంలోని ఫోన్లతో పాటు చుట్టుపక్కల ఊళ్ళలోని రేడియో ఫోన్లు కూడా నా నెత్తినే పడ్డాయి. స్తంభాలు పాతి తీగ లాగడం కుదరని ఊళ్ళకు అప్పట్లో గాలి మీదుగానే మాట పంపేవాళ్ళం. ఎక్స్ఛేంజి టవరు మీద ఒక ఏరియల్, ఊళ్ళో ఇనప గొట్టం చివర చేపముల్లులాంటి ఇంకో ఏరియల్, అక్కడి నుంచి కేబుల్ దిగివచ్చి కలిసే రేడియో పెట్టె, దానికో బ్యాటరీ. సరంజామా అంతే. ఊరంతటికీ ఒకటే ఫోను.

ఆ ఏడు దసరాకు కాస్త ముందు పైనుంచి కొత్త కంట్రోల్ కార్డులు వచ్చాయి. ఏ పిలుపు ఏ దారిన పోవాలో పెట్టెకు చెప్పే ఆదేశాలన్నీ ఆ కార్డు మీది చిప్పులో ఉంటాయి. ఇవాళ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ మార్చుకున్నట్టే మేము కార్డు పీకి కార్డు పెట్టేవాళ్ళం. అన్ని ఊళ్ళలోనూ మార్చి, మాట్లాడి చూసి, పని అయిపోయిందనుకున్నాం. పండగ వెళ్ళగానే న్యాల్‌కల్ వైపున్న ఒక ఊరి ఫోను మూగబోయింది. మిగతావన్నీ బాగానే పలుకుతున్నాయి.

ఆ ఫోను మాణికప్ప కిరాణా కొట్లో ఉండేది. ఆయన కోడలికి నెలలు నిండాయి. కాళ్ళకు నీరు పట్టింది, బీపీ ఎక్కువగా ఉంది. ముందే చేర్పిద్దామంటే జహీరాబాద్ దవాఖానలో మంచం ఖాళీ లేదన్నారు. నొప్పులు మొదలవగానే ఫోను చెయ్యండి, జీపు పంపుతాం అన్నారు. ఆ గతుకుల దారిలో ఎడ్లబండి మీద తీసుకుపోతే మనిషి దక్కదని ఊరి నర్సు ముందే హెచ్చరించింది. అంటే ఆ పిల్ల ప్రాణం నా పెట్టె మీద ఆధారపడింది.

మా డివిజనల్ ఇంజినీరు మాటకు తిరుగులేని మనిషి. కొత్త కార్డే కారణమని ఫోన్లోనే తేల్చేశారు. రేపటికల్లా పలక్కపోతే ఆ పెట్టె విప్పి చిరాగ్‌పల్లిలో పెట్టమన్నారు. హైవే మీది ఊరు కాబట్టి వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు, మనకూ వెళ్ళిరావడం సుళువు అని ఆయన లెక్క. నాకు ఒళ్ళు మండింది. కానీ పై అధికారితో వాదన గోడకు తల కొట్టుకోవడమే. ఒక్క రోజు చాలని చెప్పి పెట్టేశాను.

శాఖ జీపు రిపేరులో ఉంది. మెకానిక్ యాదగిరి మొగుడంపల్లి వెళ్ళి, అక్కడ చక్కగా పలుకుతున్న పెట్టెలోంచి కార్డు విప్పుకొచ్చాడు. మర్నాడు ఇద్దరం సామాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో బయల్దేరాం. దిగేసరికి మాణికప్ప ఎదురొచ్చాడు.

“కొత్తది పెట్టినంకనే గిట్లయింది సార్. పాతది పెట్టుండ్రి. నా కోడలి గతేం గావాలె?” అన్నాడు.

ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను. ఇది మా వృత్తిలో మొదటి ప్రశ్న. “ఎవ్వరు ముట్టలే సార్. పోరగాండ్లను దగ్గరికి గూడ రానియ్య,” అన్నాడు. ఆయన భార్యా అదే చెప్పింది. కొట్లో ఉన్నవాళ్ళందరూ అదే చెప్పారు.

మొగుడంపల్లి కార్డు పెట్టి చూశాం. గురగుర తప్ప మాట లేదు. అక్కడ పలికిన కార్డు ఇక్కడ పలకలేదంటే కార్డు నిర్దోషి అని తేలిపోయింది. తర్వాత పెట్టెకూ కేబుల్‌కూ మధ్య పవర్ మీటరు కలిపాను. పెట్టె పంపే శక్తి ఏరియల్‌కు ఎంత పోతోందో, ఎంత వెనక్కి తిరిగొస్తోందో అది చూపిస్తుంది. పంపిందంతా దాదాపుగా వెనక్కే వస్తోంది. అంటే జబ్బు పెట్టెలో లేదు, పైన ఉంది.

గొట్టం దింపాలన్నాను. మామూలుగా ఆ పని ఊరివాళ్ళకు నేర్పేసరికి మాకు ప్రాణం పోతుంది. మాణికప్ప కొడుకులు మాత్రం గొట్టాన్ని నిలబెట్టే బిగువు తాళ్ళు ఒక్కొక్కటే వదులు చేసి, మా సాయం లేకుండా గొట్టాన్ని మెత్తగా నేల మీద పడుకోబెట్టారు.

“ఇంత బాగా ఎప్పుడు నేర్చారయ్యా?” అన్నాను.

“మొన్న పండుగకు దింపినం గద సార్,” అన్నాడు పెద్దవాడు.

ఏరియల్‌కు కేబుల్ కలిసే కీలు చూస్తే ఏముంది! నీళ్ళు దిగకుండా మేము చుట్టిన నల్ల టేపు మాయం. కీలు నిండా పసుపు, కుంకుమ. పైన వాడిన బంతిపూల దండ. కీలు విప్పితే లోపలి నుంచి నీళ్ళు కారాయి. ఆయుధపూజ నాడు బండి, తక్కెడ, నాగలితో పాటు ఏరియల్‌ను కూడా నిండు బిందెలతో కడిగి బొట్లు పెట్టారు. టేపు మురికిగా కనబడితే పీకేశారు.

నాకు కోపం ఆగలేదు. “ఎవరూ ముట్టలేదన్నావే పెద్దమనిషీ!” అని అరిచాను.

మాణికప్ప తెల్లబోయాడు. “ముట్టలే సార్. పూజ జేసినం,” అన్నాడు.

ఆ మాటలో అబద్ధం ఇసుమంతైనా లేదు. యాదగిరి మొహం అటు తిప్పుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కోపం దిగిపోయింది. తడిసిన కేబుల్‌ను రాగి మెరిసేదాకా కోసేసి, కొత్త కీలు వేసి, టేపు చుట్టి గొట్టం ఎత్తాం. వెనక్కొచ్చే శక్తిని చూపే మీటరు ముల్లు సున్నా దగ్గరికి పడిపోయింది. ఎక్స్ఛేంజి ఆపరేటరు గొంతు పక్కింట్లోంచి వచ్చినంత స్పష్టంగా వినబడింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆ ఊరి నుంచి దవాఖానకు పిలుపు వచ్చింది. నేను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు బోర్డు పక్కనే ఉన్నాను. జీపు బయల్దేరిందని తెలిసినా సాయంత్రం దాకా ఏ పనీ చేతకాలేదు. చీకటి పడే వేళకు మాణికప్ప దవాఖాన నుంచి ఫోను చేశాడు. “ఆడపిల్ల సార్. ఇద్దరు మంచిగున్నరు. ఫికర్ జెయ్యకుండ్రి,” అన్నాడు. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను.

మరుసటి దసరాకు మాణికప్ప ముందుగానే అడిగించాడు, పూజ ఎట్లా చెయ్యాలని. బొట్టు గొట్టం మొదట్లో పెట్టుకో, దండ పెట్టెకు వేసుకో, నీళ్ళు మాత్రం బండికి పోసుకో అని చెప్పాను. వద్దంటే వినరు, చాటుగా చేస్తారు.

కొత్తది పెట్టగానే పాడైతే అందరి వేలూ కొత్తదాని వైపే పోతుంది. మీటరు ఆ తొందరను ఆపుతుంది గానీ మనుషులు ఏం చేశారో చెప్పలేదు. ఆ తర్వాత సర్వీసున్నంత కాలం ఏ ఊళ్ళోనూ “ఎవరైనా ముట్టుకున్నారా?” అని అడగలేదు. పండగ ఎట్లా చేసుకున్నారని అడిగేవాణ్ణి.