తువ్వాలు కింది ధర

నా గొంతు పెద్దది. దానికి పుట్టింట్లో తిట్లు తిన్నాను, అత్తింటికి వచ్చాకా తిన్నాను. ఆడపిల్లవి, కాస్త మెల్లగా మాట్లాడి చావవే అని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకునేది. ఆ గొంతుకి ఒక పనీ, ఆ పనికి కాస్త మర్యాదా దొరికింది రెండూళ్ళ మామిడి రైతుల సంఘంలోనే. నూజివీడు పక్కన మామిడితోటలున్న ఊళ్ళవి. ఒకటి నేను పుట్టిన ఊరు, రోడ్డు మీదుంది. రెండోది నన్నిచ్చిన ఊరు, అక్కణ్ణుంచి రెండు మైళ్ళు లోపలికి పోవాలి.

సంఘం రాకముందు మామిడికాయ బేరమంతా తువ్వాలు కిందే. షావుకారు తోటలోకి వచ్చి, కాయ చూసి, భుజం మీది తువ్వాలు తీసి రైతు చేతి మీద కప్పేవాడు. కింద ఇద్దరి చేతులూ కలిసేవి. ఒక వేలు పట్టుకుంటే వెయ్యి, వేలి నడిమి కణుపు నొక్కితే అయిదొందలు. టన్ను ఎంతకి తెగిందో ఆ రెండు చేతులకే తెలియాలి. పైకి మాత్రం ఇద్దరూ ఎండల గురించీ పిల్లల చదువుల గురించీ కబుర్లు చెప్పుకుంటూ ఉండేవారు. చివరికి షావుకారు, ఈ ధర నీ ఒక్కడికే, బయట చెప్పకు అని చెవిలో ఊదిపోయేవాడు. పిచ్చిమారాజులు, ఊళ్ళో ప్రతివాడూ షావుకారుని తానొక్కడే బుట్టలో వేశాననుకుని మీసం దువ్వుకునేవాడు.

సంఘం పెట్టినప్పుడు మొదటి కట్టుబాటు అదే. తువ్వాలు వద్దు. రెండూళ్ళ కాయా రోడ్డు మీది షెడ్డుకి రావాలి, ధర నోటితో చెప్పాలి, అందరికీ వినపడాలి. షావుకార్లకి ఇది మింగుడుపడలేదు. చెప్పేవారు గానీ పళ్ళ మధ్య గొణిగేవారు. ఒకరోజు షెడ్డులో గోనెపట్టా మీద కూర్చుని కాయ ఏరుతున్నదాన్ని, విసుగొచ్చి ఒక షావుకారు గొణిగిన ధరని అక్కణ్ణుంచే గట్టిగా కేకేసి చెప్పాను. అందరూ గొల్లున నవ్వారు. మర్నాటి నుంచి అదే నా పనైంది. బల్లెక్కి మూడుసార్లు ధర పిలవాలి. మూడోసారి పిలిచాక ఎంతటి షావుకారైనా మాట మార్చడానికి లేదు. నన్ను చూస్తే ముఖం చిట్లించుకునే మా అత్తగారు కూడా ఆ ఏడాది పేరంటంలో, మా కోడలు పిలిస్తే ధర ఖాయమైనట్టే అని చెప్పుకున్నారట.

సంఘమంటే కాయల బేరం ఒక్కటే కాదు. కరెంటాఫీసుకి వెళ్ళినా, రోడ్డు కంకర కోసం సమితి ఆఫీసుకి వెళ్ళినా రెండూళ్ళ వాళ్ళూ కలిసే వెళ్ళేవారు, ఒకే మాట మాట్లాడేవారు. తోటల కాపలా ఉమ్మడి, లారీ ఉమ్మడి. షెడ్డులో మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, నేనూ పక్కపక్కన కూర్చునేవాళ్ళం. కాయకి కారిన సొన తుడవడం, మచ్చకాయ తీసెయ్యడం, మంచికాయని వరిగడ్డిలో పొదిగి పెట్టెలో పేర్చడం. చేతులకి సొన తగిలి పొక్కులు లేచేవి. ఒకరి చేతులకి ఒకరం కొబ్బరినూనె రాసుకునేవాళ్ళం.

సమితులు పోయి మండలాలు వచ్చిన ఏడాది ఈ రంధి మొదలైంది. ఎక్కడ చూసినా కొత్త హద్దులు, కొత్త ఆఫీసులు అనే మాటే. మా అత్తింటి ఊళ్ళో, ఎవరి గొడవా అక్కర్లేకుండా మన కాళ్ళ మీద మనం నిలబడాలని మా బావగారు టీకొట్టు దగ్గర మొదలుపెట్టారు. బావగారంటే మా ఆయనకి అన్నగారు, మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. మాట తియ్యగా ఉంటుంది, నవ్వితే నలుగురూ నవ్వాల్సిందే. మన కాయ మంచిది, వాళ్ళ మచ్చకాయలో కలిపేసి మన పరువు తీస్తున్నారు అనేవారు. సంఘం ప్రెసిడెంటు ఎప్పుడూ ఆ ఊరివాడే ఎందుకుండాలి అనేవారు. మనకి మన షెడ్డు, మన కాటా, మన లారీ వస్తాయనేవారు. స్కూలు గోడ మీద ఎవరో మన కాయ, మన కాటా అని బొగ్గుతో రాశారు. పిల్లలు దాన్ని పాట చేసి వీధిలో పాడుకుంటూ తిరిగేవారు.

అందులో అసలు నిజం లేదని నేననను. ప్రెసిడెంటు మా ఊరికి ఎప్పుడూ రాలేదు. మా బళ్ళు షెడ్డు బయట ఎండలో ఒక్కోసారి పూటపూటంతా నిలబడేవి. కడుపు మండేది. కానీ మండిన కడుపుతో ఇల్లు విడిచిపెట్టి పోతామా? ఆ మాటే చెరువు గట్టున బట్టలుతికే చోట అన్నాను. అది పుట్టింటి పక్షం, అలాగే అంటుంది అని ఒకావిడ మూతి తిప్పింది. ఆవిడకి నాలుగు మాటలు తగిలించాను గానీ, ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. అప్పటిదాకా నాకు పక్షాలున్నాయనే తెలియదు.

బావగారు ఆ రోజుల్లో తరచూ నూజివీడు వెళ్ళేవారు. ఒకసారి ఆగిరిపల్లి రోడ్డు మీద షావుకారు స్కూటరు వెనక కూర్చుని పోతుండగా నేనే చూశాను. మా ఆయనతో చెబితే, స్కూటరెక్కితే తప్పేముందే అన్నారు.

సంఘంలో ఉండాలా, బయటికి రావాలా అన్నది మీటింగులో చేతులెత్తి తేల్చుకుందామన్నారు, తోట పట్టా ఉన్న ఇంటికొక చెయ్యి. పట్టాలన్నీ మగవాళ్ళ పేరునే కదా, ఆడవాళ్ళం గోడవార నిలబడి చూడటానికే. మీటింగు ముందు రోజు మధ్యాహ్నం మా ఆయనకి అన్నం వడ్డిస్తూ సూటిగా అడిగాను. ఆయన కంచంలో అన్నం మీద చెయ్యి పెట్టి, "నేను చెయ్యి ఎత్తనే. నీ బల్ల ఎక్కడికీ పోదు," అన్నారు. అన్నం మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పే మనిషి కారు ఆయన. నేను నమ్మాను. ఆ పూట కూర రెండోసారి కూడా వేశాను.

ఆదివారం పొద్దున స్కూలు ఆవరణలో మీటింగు. తోటల్లో పూత విరగబూసిన రోజులు, ఆ వాసన స్కూలు దాకా కొడుతోంది. సంఘంలోంచి బయటికి రావాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు బావగారు. ముందు వరసలో లేచాయి, తర్వాత మధ్యలో లేచాయి. నేను మా ఆయన వీపునే చూస్తూ నిలబడ్డాను. కాసేపు ఆ చెయ్యి మోకాలి మీదే ఉంది. తర్వాత లేచింది. పూర్తిగా కూడా కాదు, చెవి దాకా. లెక్కపెట్టే మనిషి దాన్నీ లెక్కపెట్టాడు. ఆయన ఎత్తకపోయినా జరిగేది జరిగేదే, అన్ని చేతులు లేచాయి. అవసరం లేకపోయినా ఎత్తారే అని నాకు ఇంకా మండిపోయింది.

ఇంటికొచ్చాక నేను అరవలేదు. అరుస్తానని ఆయన కాచుకుని కూర్చున్నారు. చివరికి ఆయనే, అన్నయ్య నా వైపే చూస్తున్నాడే, ఏం చెయ్యను అన్నారు. నేనూ మీ వైపే చూస్తున్నానండీ, వెనకనుంచి, అన్నాను. నాలుగు రోజులు కంచం పెట్టానే గానీ పక్కన కూర్చోలేదు.

ఉగాది వెళ్ళాక షెడ్డు తెరిచారని తెలిసింది. ఊరు బయటికి వచ్చింది గానీ నేను రాలేదు కదా, అది నా పుట్టినూరు, నన్నెవరు పొమ్మంటారు అనుకుని పొద్దున్నే నడిచి వెళ్ళాను. నా గోనెపట్టా మడిచి గుమ్మం పక్కన పెట్టి ఉంది. లోపల ఆడవాళ్ళు నన్ను చూసి కాయల వైపు తలలు వంచేసుకున్నారు. చిన్నప్పుడు నా జడలు వేసినవాళ్ళున్నారు అందులో. మా వదిన బయటికి వచ్చింది. చేతికి సొన అంటుకుని ఉంది.

"నిన్నేమీ అనడం లేదమ్మా. కానీ మీ ఊళ్ళో చేతులెత్తారు. ఎత్తినవాళ్ళింటి మనిషి ధర పిలిస్తే ఇక్కడెవరు వింటారు చెప్పు?" అంది.

మీ ఊరు అంది. పన్నెండేళ్ళుగా మన ఊళ్ళు అని తప్ప అనని మనిషి. నా బల్ల మీద అప్పుడే ఎవరివో నీళ్ళబిందెలు పెట్టారు. గోనెపట్టా చంకలో పెట్టుకుని ఆ రెండు మైళ్ళూ తిరిగి నడిచాను. వాళ్ళకి మా మీద కోపం వచ్చిందంటే నాకు అర్థమవుతుంది. ఆ కోపానికి నేనే దొరికానా అని దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాను.

మా ఊరికి షెడ్డు రాలేదు. కాటా వస్తుందని స్కూలు పక్కన గట్టు చదును చేశారు, దాని మీద మేకలు పడుకునేవి. లారీ సంగతి అడిగితే బావగారు, కాస్త ఓపిక పట్టాలమ్మా, కొత్త కాపురం కదా అని నవ్వేవారు. ఈలోగా కాయ పక్వానికి వచ్చింది. చెట్టున కాయని పెట్టుకుని ఎన్నాళ్ళు ఓపిక పడతాం? అప్పుడు షావుకారు వచ్చాడు. బావగారే తోటతోటకీ వెంటబెట్టుకుని తిరిగారు. తన తోట కాయ మాత్రం ముందురోజే కోయించి షావుకారు లారీ ఎక్కించేశారు, ఎంతకో ఎవరికీ తెలియదు.

మా తోటకి వచ్చిన పూట నేను మంచినీళ్ళ చెంబుతో పది అడుగుల దూరంలో నిలబడ్డాను. షావుకారు మా బంగినపల్లి కాయ ఒకటి అరచేతిలో తిప్పి చూశాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. మా ఆయన చెయ్యి చాచారు. ఎత్తిన చెయ్యే. షావుకారు ఈ ఏడు ఎండలు ముదిరాయండీ అన్నాడు, మా ఆయన అవునండీ అన్నారు. తువ్వాలు కాసేపు కదిలి ఆగింది. బావగారు పక్క చెట్టు నీడన కూర్చుని ఆకు నములుతున్నారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన ముఖంలో ఏదో చిన్న సంతోషం. ఎంతకిచ్చారని అడిగాను. చెప్పకూడదన్నారు. షావుకారు ఒట్టు వేయించుకున్నాడట.

"నాక్కూడానా?" అన్నాను.

"ఇంట్లో కూడా అనొద్దన్నాడే. ఊళ్ళో మనకే ఎక్కువట."

మండు మధ్యాహ్నం, వీధంతా భోజనాల వేళ. నేను ఆయన ఎదురుగా కూర్చుని, నా పైట చెంగు తీసి ఆయన చేతి మీద కప్పాను. నోటితో చెప్పొద్దు లెండి అన్నాను. ఆయన నవ్వారు. అన్ని రోజుల తర్వాత కోపం తీరిందనుకున్నారు కాబోలు, పాపం. చెంగు కింద నా వేళ్ళు పట్టుకున్నారు. ఒకటి, రెండు. కణుపు కోసం ఎదురుచూశాను. నొక్కలేదు.

నిరుడు ఇదే కాయకి నేను బల్లెక్కి మూడువేలు పిలిచాను. ఆయనకీ అది గుర్తొచ్చినట్టుంది, నవ్వు ఆగిపోయింది. చెంగు లాక్కుని లేచి వీధి అరుగు మీదికి వచ్చాను. షెడ్డులో ఎలా పిలిచేదాన్నో అలాగే పిలిచాను. మా తోట బంగినపల్లి టన్ను రెండువేలు. రెండోసారి పిలిచేసరికి ఆయన పరుగున వచ్చి ఆగవే, ఒట్టు వేశానే అని చెయ్యి పట్టుకున్నారు. విదిలించుకుని మూడోసారీ పిలిచాను.

ఎదురింటావిడ ఎంగిలిచేత్తోనే బయటికి వచ్చింది. చెరువు గట్టున నన్ను పుట్టింటి పక్షం అన్నావిడే. నా వంక చూసింది, లోపలున్న మొగుడి వంక చూసింది, తర్వాత సన్నగా, మాది వెయ్యిన్నర అంది. మాక్కూడా అందరికంటే ఎక్కువన్నాడే అంది. వీధి చివర్నుంచి ఒక మగగొంతు, మాదీ వెయ్యిన్నరే అంది. మరో ఇంట్లోంచి రెండువేలు అని వినపడింది. ఒక్కో గుమ్మంలోకి మనుషులు వచ్చి నిలబడుతున్నారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అందరూ మా పక్కింటి వైపే చూస్తున్నారు.

మా ఆయన నా చెయ్యి వదిలేశారు. మెట్టు దిగి గోడ దగ్గరికి వెళ్ళారు. నా కాపురంలో ఆయన గొంతు అంత గట్టిగా అంతకుముందెప్పుడూ వినలేదు.

"అన్నయ్యా, నీ ధర ఎంత?" అన్నారు.

గోడ అవతల మంచం కిర్రుమంది. వీధంతా కాచుకుని ఉంది. మా ఆయన మళ్ళీ అడిగారు. లోపల ఎవరో రేడియో పెట్టి, దాని గొంతు పెంచారు.