తుప్పుమచ్చ

తనకల్లు అవతల గుట్టల నడుమ, అణువ్యర్థాలు నింపిన ఉక్కు పీపాల గోడౌనుకు ఈరప్ప కాపలా. డ్యూటీ ఎక్కగానే కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, మూల పీపా మీది తుప్పుమచ్చను చూస్తాడు. మొదట్లో వేరుశనగ గింజంత ఉండేది, ఇప్పుడు కాయంత అయింది. "లోపలి రేడియేషను గాలిలో చెమ్మను యాసిడ్ చేస్తాదన్నా, అది ఉక్కును తింటాది" అని ఇంజనీరు చెప్పినప్పటి నుంచి, అరచేతికి చెమట పట్టినా చొక్కాకు తుడుచుకుంటాడు. ఒక సాయంత్రం, వానకు మొహం వాచిన తమ చేలో పక్కనున్న భార్య చౌడమ్మ కేక వేసింది. "మబ్బు పట్టిండాదయ్యా, దండం పెట్టుకో!" ఈరప్ప చేతులు జోడించాడు గాని, ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. తొలి చినుకు మోచేతి మీద పడగానే ఉలిక్కిపడి, తుండుతో గబగబా తుడిచేశాడు. చౌడమ్మ నోరు తెరిచింది. "వాననెవరన్నా తుడ్సుకుంటారా?" అతను ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.