మనవరాలి ఇంగ్లీషు కథ వినడానికి విజయనగరం

మా మనవరాలు దుర్గ విజయనగరంలో ఇంగ్లీషు సాహిత్యం ఎం.ఏ. చదువుతోంది. అందులో కథలు రాయడం కూడా ఒక పాఠమట. కథలు రాయడానికి హాస్టల్లో ఉండాలా అని నాకు దిగులు. తింటోందో లేదో, ఆ చదువు రేపు కూడు పెడుతుందో లేదో. రోజూ ఫోన్‌ చేసి ఎప్పుడొస్తావని అడుగుతూనే ఉన్నాను. శనివారం పిల్లలు తాము రాసినవి చదువుతారని, ఇంటివాళ్లు కూడా వచ్చి వినొచ్చని అది చెప్పగానే బయల్దేరాను. నచ్చకపోతే పెట్టె సర్దించి వెంట తెచ్చేద్దామనుకున్నాను.

మాది సముద్రపు ఒడ్డు పల్లె. తెల్లవారగానే షేర్‌ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి నరసన్నపేట చేరి, అక్కడ బస్సెక్కి శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో ఇంకో బస్సు మారాను. ఆధార్‌ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. కార్డు జారిపోయిందేమోనని దారంతా సంచి తడుముకుంటూనే ఉన్నాను. పదిన్నరకు విజయనగరంలో దిగి ఆటో ఎక్కాను.

"యూనివర్సిటీకేటి మామ్మా? సీటొచ్చిందేటి?" అని ఆటో అతను నవ్వాడు.

"సీటు నీకిప్పిత్తాను గానీ, ముందు రోడ్డు సూడు బాబూ!"

క్లాసులో కుర్చీలు గుండ్రంగా వేశారు. దుర్గ నిలబడి చదివింది. నాకు ముక్క అర్థం కాలేదు. పక్కనే కూర్చున్న దాని స్నేహితురాలు చెవిలో తెలుగులో చెప్పింది. కథలో మగడు చీకటితోనే సముద్రం మీదకు చేపల వేటకు బయల్దేరుతాడు. పెళ్లాం అన్నం మూట చేతికిస్తుంది, ఏమీ అడగదు. అంతే.

చదివాక మిగతావాళ్లు తప్పులెంచుతారు. అందరి మాటలూ అయ్యేదాకా రాసినవాళ్లు నోరు మెదపకూడదట. "ఆమెకు ప్రేమే లేదు. ఎప్పుడొస్తావని కూడా అడగదేం?" అన్నాడొక అబ్బాయి. ఇంకో ఇద్దరు తలూపారు. దుర్గ మాత్రం తల దించుకుని వింటూ కూర్చుంది.

దాని వంతు వచ్చాక తెలుగులోనే చెప్పింది. "మా ఊర్లో సముద్రం మీదకెళ్లేవోల్లని ఎప్పుడొస్తావని అడగం. అడిగితే ఆల్ల మనసు ఒడ్డు మీదే ఉండిపోతాది. బయం ఉన్నోల్లే అడగరు."

పాఠం చెప్పే మేడమ్, "ఆ భయం మాకు కనబడలేదు దుర్గా. అప్పుడామె చేతులేం చేస్తున్నాయో రాయి," అంది.

బయటికొచ్చాక దుర్గ నా ముఖంలోకి చూసింది. "సెప్పే అమ్మమ్మా, పెట్టె సర్దీమంటావా?"

"సర్దడానికేటున్నాది? ఆ సేతుల సంగతి రాయాల కదా. ముందు తిను, సిక్కిపోయావు."

వేటకెళ్లే మా ఆయన్ని ఏనాడూ అడగని 'ఎప్పుడొస్తావు' అన్న మాట దీన్ని రోజూ అడుగుతున్నానే అని క్యాంటీన్‌లో భోజనం చేస్తూ అనుకున్నాను. ఇదీ ఆయనలాగే లోతుకే వెళ్తోంది కదా. దాని చదువు కూడు పెడుతుందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు, దిగులూ పోలేదు. తిరుగు బస్సెక్కాక కిటికీ దగ్గర అది నిలబడితే ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. దుర్గ మాత్రం నా ముఖం చూడడం లేదు. కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉన్న నా చేతుల్నే చూస్తోంది.

వెళ్లేవాళ్లు ఆధార్‌ కార్డు సంచి అడుగున కాక చేతికందేలా పెట్టుకోండి. తిరుగు బస్సు నాలుగులోపే ఎక్కండి, ఆ తర్వాత కూర్చోవడానికి చోటుండదు.